నాలుగు బోల్టులు, ఒక సంతకం

బెంగళూరు విమానాశ్రయానికి చేరువలో, దేవనహళ్లి దగ్గర 43 ఎకరాల్లో బోయింగ్ కంపెనీ ఇంజినీరింగ్ క్యాంపస్ ఉంది. అమెరికా బయట ఆ కంపెనీకి ఇంత పెద్ద క్యాంపస్ మరొకటి లేదు. 2024 జనవరి 19న ప్రధానమంత్రి దాన్ని ప్రారంభించారు. ఇటు హైదరాబాద్ శివారు ఆదిభట్లలోని టాటా-బోయింగ్ ఉమ్మడి కర్మాగారంలో 737 విమానాల తోక మీద నిలువుగా కనిపించే రెక్క తయారవుతోంది. అందుకే కావచ్చు, హోసూరు నుంచి బళ్లారి దాకా మన బడుల్లో పిల్లల్ని చదివించే తల్లిదండ్రులు పీయూసీ, ప్లస్ టూ మాట రాగానే ‘ఏరోస్పేస్ చదివిస్తే ఎలా ఉంటుంది?’ అని అడగడం ఈ మధ్య మామూలైంది.

చదివించండి. అవకాశాలు ఇంటి పక్కకే వచ్చినప్పుడు వెనకాడాల్సిన పని లేదు. అయితే ఏ కాలేజీ, ఎంత ఫీజు, ఎంత జీతం అని లెక్కలు వేసుకునేటప్పుడు ఈ రంగం గురించి మరో విషయం కూడా ఇంట్లో మాట్లాడుకోవాలని మా కోరిక. రేపు మన పిల్లలు అక్కడ రెంచి పట్టుకుంటారు, సాఫ్ట్‌వేర్ రాస్తారు, తనిఖీ కాగితం మీద సంతకం పెడతారు. ‘ఇది సరిగా లేదు’ అని చెప్పాల్సిన రోజు వాళ్లకు తప్పకుండా వస్తుంది. ఆ రోజు చెప్పగలరా, చెబితే వినేవారుంటారా అన్నదే విమానయాన రంగాన్ని యాభై ఏళ్లుగా వేధిస్తున్న ప్రశ్న. దేవనహళ్లి క్యాంపస్ ప్రారంభానికి సరిగ్గా రెండు వారాల ముందు అదే కంపెనీ విమానం ఒకదానికి గాల్లో తలుపు ఊడిపోయింది. దాని సంగతి చివర్లో చెబుతాం. ముందు చెప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

భద్రత అనగానే మనకు గుర్తొచ్చేది బెల్టు తీసి ట్రేలో పెట్టడం, నీళ్ల సీసా పారేయడం, నెయిల్ కట్టర్ కోసం బ్యాగు మొత్తం విప్పి చూపించడం. దుండగుల నుంచి కాపాడే ఆ భద్రత ఒకటి. విమానం తనంతట తాను పడిపోకుండా చూసే భద్రత మరొకటి. తెలుగులో రెండింటికీ ఒకటే మాట. నిజానికి రెండూ చెడిపోయే తీరు కూడా ఒకటే.

1985 జూన్ 23న మాంట్రియల్ నుంచి లండన్ మీదుగా ఢిల్లీ రావాల్సిన ఎయిరిండియా ‘కనిష్క’ విమానం ఐర్లాండ్ తీరానికి దూరంగా సముద్రంపై పేలిపోయింది. 329 మంది మరణించారు. బాంబు ఉన్న సూట్‌కేసు బయలుదేరింది వాంకూవర్‌లో. దాన్ని తెచ్చిన వ్యక్తికి ఎయిరిండియా విమానంలో సీటు ఖాయం కాలేదు. అయినా సామాను నేరుగా అందులోకి చేరేలా ట్యాగ్ వేయాల్సిందేనని కౌంటర్ దగ్గర పట్టుబట్టాడు. వెనక క్యూ పెరిగిపోతోంది. కుదరదని మొదట చెప్పిన ఉద్యోగి చివరకు విసిగి వేసేశారు. సూట్‌కేసు ఎక్కింది, మనిషి ఎక్కలేదు. టొరంటోలో ఎక్స్‌రే యంత్రం ఆ రోజు మధ్యలోనే మొరాయించింది. తనిఖీని చేతి పరికరంతో కానిచ్చారు. అంతకు ముందే కెనడా నిఘా సంస్థల దగ్గర అనుమానాలు, హెచ్చరికలు ఉన్నాయి. అవి ఒకరి నుంచి ఒకరికి అందలేదని పాతికేళ్ల తర్వాత, 2010లో విచారణ కమిషన్ తేల్చింది. ప్రయాణికుడు ఎక్కకపోతే అతని సామాను దించేసే పద్ధతి ఈ ఘటన తర్వాతే ప్రపంచమంతా గట్టిపడింది. ‘ఫలానా ప్రయాణికుడి సామాను దించుతున్నాం, ఆలస్యానికి మన్నించండి’ అని విమానంలో చెబితే విసుక్కుంటాం గానీ, ఆ పది నిమిషాల వెనక ఇంత కథ ఉంది.

రెండు సెన్సర్లు, విన్నది ఒక్కదాని మాటే

ఇక అసలు కథ. 2010 చివర్లో ఐరోపా కంపెనీ ఎయిర్‌బస్, తక్కువ ఇంధనం తాగే ఇంజిన్లతో ఏ320 నియోను ప్రకటించింది. బోయింగ్‌కు దశాబ్దాలుగా నమ్మకమైన ఖాతాదారు అమెరికన్ ఎయిర్‌లైన్స్ కూడా 2011లో అటు మొగ్గింది. బోయింగ్ చేతిలో ఉన్నదేమో 1967లో తొలిసారి ఎగిరిన 737. సరికొత్త విమానం రూపొందించాలంటే ఏళ్లు పడుతుంది, వేల కోట్లు కావాలి. పాత 737కే పెద్ద ఇంజిన్లు బిగించి, మ్యాక్స్ అని పేరు పెట్టి అమ్మాలని కంపెనీ నిర్ణయించుకుంది.

737 నేలకు తక్కువ ఎత్తులో ఉండే విమానం. పెద్ద ఇంజిన్లు కింద పట్టవు. అందుకని వాటిని కాస్త ముందుకు, కాస్త పైకి జరిపి బిగించారు. దాంతో కొన్ని పరిస్థితుల్లో విమానం ముక్కు ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా పైకి లేచే స్వభావం వచ్చింది. ముక్కు మరీ లేస్తే రెక్కలకు గాలి పట్టు తప్పుతుంది, విమానం పడిపోతుంది. దీనికి విరుగుడుగా ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. ముక్కు బాగా లేచిందని తోస్తే అది పైలట్‌ను అడగకుండా తోక రెక్కను తిప్పి ముక్కును కిందికి దించుతుంది.

తోచడం అంటే సెన్సర్ చెప్పడం. ముక్కుకు ఇరువైపులా గాలివాలును బట్టి తిరిగే చిన్న రెక్కల్లాంటి సెన్సర్లు రెండు ఉంటాయి. ఎంక్యాస్ ఒక ప్రయాణంలో వాటిలో ఒక్కదాని మాటే వింటుంది. పిట్ట తగిలి అది విరిగినా, బిగించేటప్పుడు తేడా వచ్చినా, రెండోదాన్ని అడిగి సరిచూసుకునే ఏర్పాటు లేదు. విమానంలో ప్రాణాధారమైన ప్రతిదానికీ ఒక జత ఉంటుందని ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలోనే చెబుతారు. రెండు సెన్సర్ల లెక్కలు సరిపోలకపోతే హెచ్చరించే దీపం కూడా చాలా మ్యాక్స్ విమానాల్లో పనిచేయడం లేదు. ఆ సంగతి కంపెనీకి 2017లోనే తెలిసింది. సరిచేయడం 2020లో చేద్దామనుకున్నారు.

అన్నిటికన్నా దారుణం, ఎంక్యాస్ అనేది ఒకటుందని, అదేం చేస్తుందని పైలట్ల పుస్తకంలో వివరించలేదు. కారణం డబ్బే. పాత 737 నడిపిన పైలట్ మ్యాక్స్ నడపాలంటే సిమ్యులేటర్‌లో శిక్షణ అక్కర్లేదు, కంప్యూటర్ మీద కాసేపు పాఠం వింటే చాలు అన్నది బోయింగ్ చెప్పిన అమ్మకం మాట. సిమ్యులేటర్ శిక్షణ తప్పనిసరి అయితే విమానానికి 10 లక్షల డాలర్ల చొప్పున తగ్గింపు ఇస్తామని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌తో ఒప్పందమే చేసుకుంది. కొత్త వ్యవస్థ గురించి గట్టిగా చెబితే నియంత్రణ సంస్థ శిక్షణ అడుగుతుంది. అందుకని చెప్పలేదు. ఇండోనేషియాకు చెందిన లయన్ ఎయిర్ 2017లో తానే ముందుకొచ్చి మా పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ ఇస్తే మేలేమో అని అడిగితే, వద్దని నచ్చజెప్పారు. ఆ అడిగినవాళ్లను తెలివితక్కువవాళ్లంటూ కంపెనీ ఉద్యోగులు తమలో తాము రాసుకున్న సందేశాలు తర్వాత బయటపడ్డాయి.

2018 అక్టోబరు 29 ఉదయం జకార్తాలో లేచిన ఆ లయన్ ఎయిర్ విమానమే జావా సముద్రంలో కూలింది. 189 మంది పోయారు. కెప్టెన్ మన ఢిల్లీ కుర్రాడు. తప్పుడు లెక్క చెబుతున్న సెన్సర్‌ను నమ్మి ఎంక్యాస్ ముక్కును కిందికి తోస్తూనే ఉంది, పైలట్లు పైకి లాగుతూనే ఉన్నారు. ఇరవై సార్లకు పైగా ఈ పెనుగులాట సాగింది. ఒకరు విమానంతో పోరాడుతుంటే మరొకరు ఏం చేయాలో పుస్తకం తిరగేసి వెతికారు. వాళ్లు వెతుకుతున్న జవాబు ఆ పుస్తకంలో లేదు.

ఇంకో సంగతి. ముందురోజు రాత్రి బాలి నుంచి జకార్తాకు వస్తూ అదే విమానం అదే విధంగా మొండికేసింది. అప్పుడు కాక్‌పిట్‌లో అదనంగా కూర్చున్న మూడో పైలట్ సలహాతో తోక మోటారుకు కరెంటు ఆపేసి, చక్రం చేత్తో తిప్పుకుంటూ క్షేమంగా దిగారు. కానీ దిగాక వాళ్లు రాసిన నివేదికలో ఈ ముఖ్య విషయం సరిగా లేదు. తెల్లారి ఎక్కిన సిబ్బందికి ముందురోజు ఏం జరిగిందో పూర్తిగా తెలియదు. కాబట్టి తప్పంతా అమెరికాలోని కంపెనీదే అనడానికీ లేదు. లాగ్‌బుక్‌లో సరిగా పడని నాలుగు వాక్యాలు కూడా ఈ కథలో ఉన్నాయి.

ఎవరికి తెలుసు, ఎవరికి చెప్పారు

ప్రమాదం జరగ్గానే అమెరికాలో కొందరు వేలెత్తి చూపింది పైలట్ల వైపు. పేద దేశపు ఎయిర్‌లైన్స్, అరకొర శిక్షణ అన్నారు. చనిపోయినవాడు వచ్చి జవాబు చెప్పుకోలేడు కదా. ఇటీవలి మన అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత విచారణ పూర్తి కాకముందే టీవీల్లో తీర్పులిచ్చినవారిని చూసినప్పుడు మాకు ఇదే గుర్తొచ్చింది.

తెర వెనక మాత్రం అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఒక లెక్క వేసుకుంది. మార్పు చేయకుండా వదిలేస్తే మ్యాక్స్ విమానాల జీవితకాలంలో ఇలాంటి ప్రమాదాలు మరో 15 దాకా జరగవచ్చని ఆ లెక్క చెప్పింది. అయినా విమానాలను ఆపలేదు. పైలట్లకు ఒక సూచన పంపి, సాఫ్ట్‌వేర్ మార్చేదాకా ఎగరనిచ్చారు.

2019 మార్చి 10న ఆడిస్ అబాబాలో లేచిన ఇథియోపియన్ విమానం ఆరు నిమిషాల్లో నేలను గుద్దుకుంది. 157 మంది. వారిలో భారతీయులున్నారు, మన తెలుగు అమ్మాయి ఒకరున్నారు. ఆ పైలట్లు లయన్ ఎయిర్ ప్రమాదం తర్వాత వచ్చిన సూచన ప్రకారమే తోక మోటారుకు కరెంటు ఆపారు. కానీ అప్పటికే విమానం పట్టలేనంత వేగంలో ఉంది, చేతి చక్రం తిరగలేదు. గత్యంతరం లేక మళ్లీ కరెంటు ఇచ్చారు. ఎంక్యాస్ మళ్లీ ముక్కు దించింది.

మర్నాడే చైనా మ్యాక్స్ విమానాలను నేలమీద నిలిపేసింది. మన డీజీసీఏ మార్చి 12 రాత్రి అదే పని చేసింది. తయారైన దేశం అమెరికా ఆపింది మార్చి 13న.

అమెరికా ప్రతినిధుల సభ కమిటీ 2020 సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో మాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఎంక్యాస్ కాదు, ఒక సర్వే. అక్కడి పద్ధతిలో విమానం తనిఖీలో చాలా భాగాన్ని ఎఫ్ఏఏ తరఫున బోయింగ్ ఉద్యోగులే చేస్తారు. జీతం ఇచ్చేది కంపెనీ, సంతకం పెట్టాల్సింది ప్రభుత్వం తరఫున. పరీక్ష రాసినవాడి చేతికే పేపర్లు దిద్దమని ఇచ్చినట్టు, అచ్చంగా అంతే కాకపోయినా. 2016లో కంపెనీ లోపల చేసిన సర్వేలో, ఇలా సంతకాలు పెట్టే ఉద్యోగుల్లో 39 శాతం మంది తమ మీద అనుచితమైన ఒత్తిడి ఉందన్నారు. ఒత్తిడి గురించి బయటపెడితే ఏమవుతుందోనన్న భయం 29 శాతం మందిలో ఉంది. అంటే ప్రమాదానికి రెండేళ్ల ముందే జబ్బు ఏమిటో కంపెనీ ఫైల్లో అంకెలతో సహా ఉంది.

చెప్పినవాళ్లు లేకపోలేదు. ఎడ్ పియర్సన్ అని, అమెరికా నౌకాదళంలో పనిచేసి వచ్చిన మేనేజర్ ఒకరు రెంటన్‌లోని 737 కర్మాగారంలో ఉండేవారు. నెలనెలా ఎక్కువ విమానాలు బయటికి పంపాలన్న తొందరలో పనివాళ్లు అలసిపోతున్నారని, పని వరస తప్పుతోందని, ఉత్పత్తిని కొన్నాళ్లు ఆపాలని 2018 జూన్‌లో 737 విభాగాధిపతికి రాతపూర్వకంగా చెప్పారు. లయన్ ఎయిర్ ప్రమాదానికి నాలుగు నెలల ముందు మాట ఇది. ఉత్పత్తి ఆగలేదు. ఆయన ఆగస్టులో పదవీ విరమణ చేశారు. 2019 డిసెంబరులో ప్రజావేగుగా ప్రతినిధుల సభ ముందు నిలబడి అదంతా చెప్పారు. అప్పటికి 346 మంది చనిపోయారు.

శిక్షల సంగతి క్లుప్తంగా చెబుతాం, ఎందుకంటే చెప్పుకోవడానికి పెద్దగా లేదు. కంపెనీ అధిపతి డెనిస్ మ్యూలెన్‌బర్గ్‌ను 2019 డిసెంబరులో తొలగించారు. షేర్లు, పింఛను కలిపి సుమారు 6 కోట్ల 20 లక్షల డాలర్లతో ఆయన ఇంటికి వెళ్లారు. 2021లో కంపెనీ 250 కోట్ల డాలర్ల ఒప్పందంతో విచారణను తప్పించుకుంది. అందులో ఎక్కువ భాగం ఎయిర్‌లైన్స్‌కు పరిహారం, మృతుల కుటుంబాలకు కేటాయించింది 50 కోట్లు. బోనులో నిలబడిన ఒకే ఒక్క ఉద్యోగిని 2022లో జ్యూరీ నిర్దోషి అంది. కంపెనీపై క్రిమినల్ కేసును, కుటుంబాలు వద్దని మొత్తుకున్నా, 2025 నవంబరులో కోర్టు కొట్టివేసింది. జైలుకు వెళ్లినవారు లేరు.

మంగళూరులో మూడుసార్లు

ఇదంతా అమెరికా కథ, కంపెనీల కథ అనుకోవచ్చు. చెప్పడం, వినడం అన్న సమస్య ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చున్న చిన్న గదిలో కూడా ఉంటుంది. కర్ణాటకలో ఉన్న మన పాఠకులకు 2010 మే 22 గుర్తుండే ఉంటుంది. దుబాయ్ నుంచి మంగళూరుకు వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం కొండమీది రన్‌వే దాటి లోయలోకి జారి కాలిపోయింది. 166 మందిలో మిగిలింది ఎనిమిది మంది.

కాక్‌పిట్ మాటల రికార్డులో మొదటి గంటా నలభై నిమిషాలూ కెప్టెన్ నిద్రపోతున్నట్టు విచారణ సంఘం గుర్తించింది. రాత్రి ప్రయాణం. దిగే సమయానికి విమానం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఎత్తులో ఉంది. కో పైలట్‌కు అది కనిపించింది. దిగొద్దు, మళ్లీ పైకి లేపి చుట్టు తిరిగి వద్దామని ఒకసారి కాదు, మూడుసార్లు అన్నారు. కెప్టెన్ వినలేదు. విమానం రన్‌వేలో సగానికి పైగా దాటాక నేలను తాకింది. చూసింది ఆయన, అన్నది ఆయన, కానీ పగ్గాలు లాక్కోలేదు. పెద్ద అనుభవం ఉన్న కెప్టెన్ చేతిలోంచి పగ్గాలు లాక్కోవడం అనుకున్నంత తేలిక కాదు.

1977లో టెనెరిఫే దీవిలో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయినప్పుడు కూడా ఇంతే. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనన్న సందేహం ఇంజినీరుకు వచ్చింది. మెల్లగా అడిగారు. కెప్టెన్ కొట్టిపారేశారు. చిన్నవాడు గట్టిగా చెప్పడం, పెద్దవాడు ఆగి వినడం అనే రెండింటిని పాఠంగా నేర్పాలని ఆ తర్వాతే విమానయాన రంగానికి అర్థమైంది. ఇప్పుడు ప్రపంచమంతా పైలట్లకు ఈ శిక్షణ తప్పనిసరి.

ఉపాధ్యాయులుగా మనకు ఇక్కడ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. బోర్డు మీద లెక్క తప్పుపోతే ‘సార్, రెండో వరుసలో తప్పుంది’ అని లేచి అన్న పిల్లవాడికి మన క్లాసులో ఏం జరుగుతుంది? ‘కూర్చోరా, పెద్ద చెప్పొచ్చావు’ అనడం మనకు ఎంత అలవాటో మనకే తెలుసు. ఇంట్లో నాన్న ఏదైనా పొరపాటు మాట అన్నప్పుడు అమ్మాయి సరిదిద్దితే ఎదురు చెబుతోందంటాం. ఆ పిల్లలే పదిహేనేళ్ల తర్వాత కో పైలట్ సీట్లో, తనిఖీ బల్ల దగ్గర కూర్చుంటారు.

మన బడుల పిల్లలకు మరో మెలిక కూడా ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో, పుస్తకంలో ఇంగ్లిష్. విషయం తెలిసినా మాట తడుముకోవడం వాళ్లకు రోజువారీ అనుభవం. ఇది చిన్న విషయం కాదు. 1990 జనవరిలో న్యూయార్క్‌కు వస్తున్న కొలంబియా విమానం ఒకటి దారిలో గంటకు పైగా చక్కర్లు కొట్టి, ఇంధనం అయిపోయి కూలి 73 మంది చనిపోయారు. ‘మాకు ప్రాధాన్యం ఇవ్వండి’, ‘ఇంధనం అయిపోతోంది’ అని పైలట్లు చెప్పారు. కానీ కంట్రోలర్‌ను కదిలించే ‘ఎమర్జెన్సీ’ అన్న ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అంతర్జాతీయ విమానాలు నడిపేవారికి, కంట్రోలర్లకు ఇంగ్లిష్‌లో నాలుగో స్థాయి పరీక్ష తప్పనిసరి. ఆ పరీక్షలో చూసేది వ్యాకరణం, ఉచ్చారణ మాత్రమే కాదు. అనుకోనిది జరిగినప్పుడు స్పష్టంగా చెప్పగలరా, అర్థం కాకపోతే మళ్లీ అడగగలరా అని కూడా చూస్తారు. ‘అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’ అనడం అక్కడ తక్కువతనం కాదు, అదొక అర్హత.

మంగళూరు నుంచి అలసట అనే మాట కూడా మిగిలింది. పైలట్లకు వారానికి 48 గంటల నిరంతర విశ్రాంతి, అర్ధరాత్రి దింపే విమానాలపై పరిమితి వంటి కొత్త నిబంధనలు మన దేశంలో 2025 నవంబరులో పూర్తిగా అమల్లోకి వచ్చాయి. డిసెంబరు మొదటి వారంలోనే ఇండిగో దగ్గర సరిపడా పైలట్లు లేక వేల విమానాలు రద్దయ్యాయి. నిబంధనలు వస్తున్నాయని దాదాపు రెండేళ్ల ముందే అందరికీ తెలుసు. విమానాశ్రయాల్లో నేలమీద పడుకున్న ప్రయాణికుల బాధ నిజమే. అయితే చివరకు జరిగిందేమిటంటే, ఆ కంపెనీకి డీజీసీఏ నిబంధనల నుంచి కొన్నాళ్లు సడలింపు ఇచ్చింది. సర్దుకోవాల్సింది ఎవరు, సర్దుకున్నది ఎవరు అని అడిగే గొంతులు ఆ గోలలో పెద్దగా వినిపించలేదు.

చెప్పినవాడిని కాపాడితే

అన్నీ ఇలాంటివే అనుకోకండి. ఈ రంగంలో బాగుపడిన పద్ధతులూ ఉన్నాయి, వాటి వల్లే విమాన ప్రయాణం ఇవాళ ఇంత క్షేమంగా ఉంది. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ దగ్గర టీడబ్ల్యూఏ విమానం కొండను గుద్దుకుని 92 మంది చనిపోయారు. మ్యాపులో, కంట్రోలర్ అనుమతిలో ఉన్న అయోమయం వల్ల తొందరపడి కిందికి దిగారు. ఆరు వారాల ముందు అదే చోట యునైటెడ్ కంపెనీ విమానం అదే పొరపాటుతో వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆ పైలట్లు తమ కంపెనీకి చెప్పారు, కంపెనీ తన పైలట్లందరినీ హెచ్చరించింది. ఆ మాట పక్క కంపెనీకి చేరలేదు.

1976లో అమెరికా ఒక పని చేసింది. పొరపాటు చేసినవాళ్లు, చూసినవాళ్లు ఎవరైనా రాసి పంపవచ్చు. పంపాల్సింది శిక్ష వేసే ఎఫ్ఏఏకి కాదు, ఎవరినీ శిక్షించే అధికారం లేని అంతరిక్ష సంస్థ నాసాకు. నాసా పేరు తీసేసి విషయం మాత్రం అందరికీ చెబుతుంది. కావాలని చేసినది, నేరమైనది కానంతవరకు, వేళకు చెప్పినవాడికి చాలా సందర్భాల్లో జరిమానా ఉండదు. ఆ పద్ధతి నేటికీ నడుస్తోంది. తప్పు ఒప్పుకుంటే దెబ్బలు పడవన్న నమ్మకం కలిగితే మనుషులు నిజం రాస్తారని దానికి ముందు ఎవరూ ఇంత పెద్ద ఎత్తున పరీక్షించి చూడలేదు.

పిల్లలతో దీన్ని మాట్లాడాలనుకునే ఉపాధ్యాయులకు ఒక సూచన. మ్యాక్స్ కథను హైస్కూలు పిల్లలకు ఒక పిరియడ్‌లో చెప్పేయవచ్చు, కాగితం విమానం ముక్కుకు క్లిప్పు పెట్టి ఎగరేస్తే సగం భౌతికశాస్త్రం అక్కడే అర్థమవుతుంది. తర్వాత పాత్రలు పంచండి. ఒకరు ఇంజినీరు, ఒకరు అమ్మకాల మేనేజర్, ఒకరు ప్రభుత్వ తనిఖీదారు, ఒకరు పైలట్. వాళ్లను తెలుగులోనే వాదించుకోనివ్వండి. మేనేజర్ పాత్ర వేసినవాడిని వెక్కిరించొద్దు. గడువు దాటితే వేలమంది ఉద్యోగాలు పోతాయన్నది కూడా అబద్ధం కాదు, ఆ వాదన ఎంత బలంగా ఉంటుందో పిల్లలకు తెలియాలి.

ఇక చివర్లో చెబుతామన్న ఆ తలుపు. 2024 జనవరి 5న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి లేచిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 మ్యాక్స్ 9 విమానం సుమారు 16,000 అడుగుల ఎత్తుకు చేరేసరికి పక్క గోడలో తలుపంత ముక్క ఊడి గాల్లో కలిసిపోయింది. లోపల 177 మంది. ఆ ముక్క పక్క సీట్లు అదృష్టవశాత్తు ఖాళీగా ఉన్నాయి. దగ్గర్లోని ఒక అబ్బాయి చొక్కా గాలికి ఊడిపోయింది. అందరూ ప్రాణాలతో దిగారు.

అది నిజానికి తలుపు కాదు, అవసరం లేని చోట తలుపు సందును మూసే పలక. దాన్ని జారిపోకుండా పట్టి ఉంచాల్సిన బోల్టులు నాలుగు. నాలుగూ లేవని దర్యాప్తులో తేలింది. రెంటన్ కర్మాగారంలో పక్కన పాడైన రివిట్లు మార్చడానికి ఆ పలకను తీశారు, తిరిగి పెట్టేటప్పుడు బోల్టులు బిగించలేదు. తీసినప్పుడు రాయాల్సిన కాగితం రాయలేదు. కాగితం లేదు కాబట్టి మళ్లీ తనిఖీ చేయాలని ఎవరికీ తెలియలేదు, తనిఖీ సంతకమూ లేదు. ఆ కర్మాగారంలో తలుపుల పని చూసే జట్టులో 24 మంది ఉంటే, అలాంటి పలకను అంతకుముందు తీసిన అనుభవం ఉన్నది ఒక్కరికే. ఆ రోజు ఆయన సెలవులో ఉన్నారు.

పలక మూడు రోజుల్లో దొరికింది. పోర్ట్‌లాండ్‌లో ఒక బడిపంతులు ఇంటి పెరట్లో, చెట్ల మధ్య పడి ఉంది. దాన్ని కర్మాగారంలో తీసింది ఎవరన్నది మాత్రం విచారణ ముగిసేదాకా తేలలేదు.